‘సోలిదారితే’ : ఒక దుర్లభ చిత్రగ్రంథము

స్వప్నమును, అంతశ్చేతనయు కవితకుఁ బుట్టినిండ్లని నమ్మిన అధివాస్తవికుల వలయమున వెలువడిన చిత్రగ్రంథములలో ‘సోలిదారితే’ గణనీయము. ‘సంఘీభావ’ మని దీని యర్థము. స్పెయిను అంతర్యుద్ధమునఁ బ్రజాప్రభుత్వపక్షమునకుఁ దోడ్పడుటకై 1938లోఁ బారిసునందు ముద్రింపఁబడెను. పద్యము పాల్ ఎల్యూఆరుది. ఫలకములు పికాసో, మీరో, మాసన్, తాంగీ, హేటరు మొదలగు ఏడ్వురవి. ప్రతులు 150.

ఈ ఫలకములకు నెలవు హేటరు 1927లో స్థాపించిన చిత్రముద్రణశాల. చిత్తూరు మండలమున జన్మించిన కృష్ణారెడ్డి తరువాతికాలమున దీనికే సహనిర్దేశకుఁ డయ్యెను.

ఇట్టి గ్రంథము లరుదగుటకుఁ బనితీరే ముఖ్యకారణము. రాగిరేకునకు మైనము పూసి, సూదితో గీసి, గీఱలను ఆమ్లమునఁ దినిపింతురు. లేదా ఉలితో నేరుగాఁ జెక్కుదురు. పిదప సిరా నింపి తడికాగితముపై నొత్తుదురు. ఒత్తినకొలఁది గీఱ లరుగును. కావునఁ బ్రతులు పరిమితములు.

ఉన్న ప్రతులకును ముప్పు కలదు. విక్రేతలు చిత్రపత్రములను విడఁదీసి పికాసో పేర నొకటి, మీరో పేర నొకటి యమ్ముదురు. సూత్రము తెగిన తాళపత్రగ్రంథమువలె నప్పుడు పత్రములు మిగులును గాని గ్రంథము మిగులదు. డల్లా హస్బెండు వంటి యల్పప్రసిద్ధుల పనియు, పద్యమును, వారి నొకచోటఁ జేర్చిన సంకల్పమును మఱుఁగుపడును. కావున సంగ్రాహకుఁడు ప్రతిసంఖ్యకంటె ముందు పరిశీలింపవలసినది ఏడు ఫలకములును పద్యముతోఁ గూడియున్నవా యనుటయే.