మధుమేహ పరీక్ష: నాలుక నుండి లాలాజలము వరకు

హైదరాబాదులో నాంపల్లి స్టేషను వద్ద దిగి ఆబిడ్సు వైపు నడచువారికి మిఠాయి దుకాణములును, మందుల దుకాణములును తప్పక కంటబడును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆబిద్ అనునతని అంగడి వలన ఆబిడ్సునకు ఆ పేరు వచ్చినది. 1938లో ఆరంభమైన నుమాయిష్ ఏటేట జనవరిలో నాంపల్లి మైదానమునకు జనమును రప్పించుచున్నది. తీపి లేని వేడుక మనకు లేదు. కాని భారత వైద్య పరిశోధన మండలి సర్వేను అనుసరించి 2023లో ప్రకటించిన లెక్క ప్రకారము, మన దేశములో మధుమేహ రోగులు 10 కోట్లకు పైగా నున్నారు. అందుచేతనే గ్లూకోమీటరు నేడు మందుల దుకాణములలో సాధారణమైన సరకైనది. వేలికి సూది గ్రుచ్చుకొనకుండ, నోటిలోని లాలాజలముతోనే చక్కెరను తెలిసికొనరాదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు పరీక్షల చరిత్ర కొంత తెలియవలెను.

మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధికి మధుమేహమని పేరిడిరి. రోగి మూత్రము తేనెవలె తియ్యగా నుండుననియు, దానికి చీమలు పట్టుననియు గమనించిరి. ఇంగ్లండులో 17వ శతాబ్దిలో థామస్ విల్లిస్ ఆ తీపిని గూర్చియే వ్రాసెను. 1776లో లివర్‌పూలు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ మూత్రమును ఇగిర్చి, అడుగున మిగిలినది చక్కెర యని చూపెను. రోగి రక్తరసము కూడ తియ్యగా నున్నదని తెలిపెను. నాలుక చేసిన పనిని అటుపిమ్మట రసాయనము చేపట్టినది.

20వ శతాబ్ది తొలి దశాబ్దములో అమెరికాలో స్టాన్లీ బెనెడిక్ట్ ఒక నీలి ద్రావకమును సిద్ధపరచెను. అందులో కొన్ని చుక్కల మూత్రము వేసి కాచినచో, చక్కెరను బట్టి ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు రంగులు వచ్చును. ఈ పరీక్షలో నొప్పి లేదు, ఖర్చు స్వల్పము. కాని అది చెప్పునది సగము సత్యము. రక్తములో చక్కెర డెసిలీటరునకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటిన గాని సాధారణముగా మూత్రములోనికి దిగదు. దిగినను, అది కొన్ని గంటల క్రిందటి సంగతి. చక్కెర ప్రమాదకరముగా పడిపోయినదా అన్నది మూత్రము చెప్పనే చెప్పదు. 1922లో ఇన్సులిను చికిత్స ఆరంభమైన పిమ్మట ఈ లోపము మరింత ముఖ్యమైనది. మోతాదు మించినచో చక్కెర పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చును, ప్రాణమే పోవచ్చును.

కావున రక్తమునే అడుగవలసి వచ్చినది. 1920లో హార్వర్డులో ఆటో ఫోలిన్, చైనా శాస్త్రజ్ఞుడు షియెన్ వూ కలసి ప్రకటించిన పద్ధతిలో, చక్కెర ఎంత యున్నదో మాలిబ్డినము తెచ్చు నీలి రంగు గాఢతను బట్టి కొలుతురు. ఆ ఫోలిన్ విభాగములోనే మన భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు పనిచేసెను. ఫిస్క్‌తో కలసి ఆయన 1925లో ప్రకటించిన భాస్వర పరీక్ష కూడ మాలిబ్డినపు నీలి రంగు పైననే ఆధారపడినది. 1962లో లేలండ్ క్లార్క్ ఎంజైము ఎలెక్ట్రోడు భావనను వెల్లడించెను. 1970లో రక్తపు పట్టీని చదువు యంత్రము అంగడికి వచ్చినది. ఆ దశాబ్ది చివరికి రోగి తన ఇంటనే తన చక్కెరను చూచుకొనుట ఆరంభమైనది.

ఇక లాలాజలము సంగతి. రక్తములోని గ్లూకోజు కొంత లాలాజలములోనికి చేరుట నిజమే. మన దేశపు దంతవైద్య కళాశాలలలో కూడ దీనిపై పరిశోధనలు జరిగినవి. మధుమేహ రోగుల లాలాజలములో సగటున చక్కెర హెచ్చుగా నుండునని పెక్కు పరిశోధనలు చూపినవి. కాని దాని పరిమాణము రక్తములో నున్నదానిలో సుమారు నూరవవంతు మాత్రమే. నోటిలో మిగిలిన తినుబండారము దానిని పెంచును, నోటి సూక్ష్మజీవులు దానిని హరించును. మధుమేహమున నోరు ఎండిపోవుట వలన లాలాజలపు ప్రవాహమే మారును. పలువురి సగటు చెప్పగలుగుట వేరు, ఒక రోగికి ఈ పూట ఎంత ఇన్సులిను వలయునో చెప్పగలుగుట వేరు.

రోజుకు నాలుగైదు పర్యాయములు సూది పోటు భరించు పసివానికి ఈ పరిశోధన ఫలించిన గొప్ప మేలు కలుగును. అందుకే అది సాగవలెను. కాని బెనెడిక్ట్ ద్రావకము నేర్పిన పాఠము మరువరాదు: నొప్పి లేని పరీక్ష యంతయు నమ్మదగిన పరీక్ష కాదు. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, చర్మమును గ్రుచ్చకుండనే చక్కెర చూపుదుమను గడియారములను, ఉంగరములను నమ్మవద్దని ప్రజలను హెచ్చరించినది. లాలాజల పరీక్షకు కూడ అదే గీటురాయి. అది రక్తముతో సరిపోలినదని, ముఖ్యముగా చక్కెర పడిపోయిన వేళ తప్పు చెప్పదని రుజువగు వరకు, వైద్యుడు చెప్పిన రక్తపరీక్షను మానుకొనరాదు. సూది పోటు క్షణకాలము, తప్పు లెక్క తెచ్చు ముప్పు జీవితకాలము.