రహీమీ ఓడ ఉదంతం

మేము ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు జహంగీర్ పాదుషా పాఠం చెప్పేటప్పుడు ప్రతి ఏడూ ఒకే ప్రశ్న ఎదురవుతూ ఉంటుంది. న్యాయఘంట గురించి చెప్తాం, నూర్జహాన్ గురించి చెప్తాం, చిత్రకళ గురించి చెప్తాం. అంతా బాగానే వింటారు. చివర్లో ఒకడు లేచి, "అంత పెద్ద పాదుషా గదా సార్, వ్యాపారానికి వచ్చిన ఇంగ్లీషువాళ్ళకి ఎందుకు చోటిచ్చాడు?" అని అడుగుతాడు. పాఠ్యపుస్తకంలో దీనికి సరైన జవాబు లేదు. జవాబులో ఒక పెద్ద భాగం ఒక ఓడ కథలో ఉంది. ఆ కథ హజ్ యాత్రతో ముడిపడింది కాబట్టి మన కుటుంబాలవారు తెలుసుకోదగినదని ఇక్కడ రాస్తున్నాం.

కార్తాజ్ అనే కాగితం

1498లో వాస్కోడిగామా కాలికట్ చేరాడు. 1510లో బుడతకీచులు గోవాను పట్టుకున్నారు. ఆ తర్వాత హోర్ముజ్, డయ్యూ, డామన్ ఒక్కొక్కటిగా వాళ్ళ చేతిలోకి పోయాయి. భూమి మీద వాళ్ళకున్నది నాలుగు కోటలు, నాలుగు రేవులు మాత్రమే. కాని ఈ సముద్రమంతా మా రాజుదేనని వాళ్ళు చాటుకున్నారు. ఇక్కడి ఓడ ఏదైనా సరే, వాళ్ళ దగ్గర 'కార్తాజ్' అనే అనుమతి పత్రం తీసుకునే బయలుదేరాలి. ఓడ ఎవరిది, ఎక్కడికి పోతుంది అన్నీ అందులో రాసి ఉండాలి. వాళ్ళ రేవులో సుంకం కట్టాలి. కాగితం లేకపోతే ఓడా, సరుకూ, మనుషులూ అన్నీ వాళ్ళకే.

తరతరాలుగా అరబ్బు, గుజరాతీ, మలబారు వర్తకులు ఎవరి అనుమతీ లేకుండా తిరిగిన సముద్రం ఇది. దాన్ని వీళ్ళకు రాసిచ్చింది ఎవరు? ఈ ప్రశ్న ఐరోపాలో కూడా పుట్టింది. 1609లో గ్రోషియస్ అనే డచ్చి పండితుడు, సముద్రం ఏ ఒక్క రాజు సొత్తూ కాదని పుస్తకమే రాశాడు. కాని వాదనలతో ఫిరంగులు ఆగవు గదా!

అక్బర్ 1573 నాటికి గుజరాత్‌ను జయించాడు. దాంతో సూరతు రేవు మొగలుల చేతికి వచ్చింది. హాజీలు బయలుదేరే రేవు కనుక దానికి 'బాబుల్ మక్కా', అంటే మక్కా ద్వారం, అని పేరు. తలుపు మొగలులదే గాని, గడప దాటితే నీళ్ళు పరాయివాళ్ళ అదుపులో ఉండేవి. అక్బరంతటివాడు కూడా కార్తాజ్ తీసుకోక తప్పలేదు. ఆ కాగితం మీద బీబీ మరియం, హజ్రత్ ఈసా బొమ్మలు ఉండేవట. అలాంటి పత్రం పట్టుకుని సముద్ర మార్గాన పోకూడదు కనుక హజ్ తప్పనిసరి కాదని మఖ్దూముల్ ముల్క్ అనే పెద్ద ఆలిం ఫత్వా ఇచ్చినట్లు బదాయూనీ తన చరిత్రలో రాశాడు. ఒక కాగితం మూలాన ధర్మశాస్త్ర చర్చ కూడా వచ్చిందంటే ఆ బెడద ఎంతటిదో ఊహించుకోవచ్చు.

పాదుషా తల్లి ఓడ

జహంగీర్ తల్లి మరియం ఉజ్ జమానీ స్వయంగా ఓడ వ్యాపారం చేసిన రాణి. ఆమె ఓడ పేరు రహీమీ. ఆ కాలంలో హిందూదేశపు రేవుల నుంచి ఎర్రసముద్రానికి పోయే ఓడల్లో అతి పెద్దవాటిలో ఒకటి. బరువు వెయ్యి టన్నుల పైమాటే. సరుకుతోపాటు హాజీలను కూడా తీసుకుపోయేది.

1613 సెప్టెంబరులో సూరతు దగ్గర బుడతకీచులు ఈ రహీమీని పట్టుకున్నారు. ఓడ దగ్గర వాళ్ళిచ్చిన కార్తాజ్ ఉంది. అయినా వదల్లేదు. దాదాపు 700 మంది మనుషులతో సహా గోవాకు తీసుకుపోయారు. అందులో ఉన్న సొత్తు లక్ష పౌన్లని అప్పటి ఇంగ్లీషు వర్తకులు లెక్క కట్టారు.

ఎందుకు చేశారీ పని? ఆ ఓడ ఎవరిదో తెలియక కాదు. అంతకు ముందు 1612 చివర్లో సూరతు దగ్గర సువాలీ వద్ద కెప్టెన్ బెస్ట్ అనే ఇంగ్లీషువాడు బుడతకీచుల ఓడలతో పోరాడి నిలిచాడు. 1613 మొదట్లో ఇంగ్లీషువాళ్ళకు సూరతులో వ్యాపారం చేసుకోడానికి ఫర్మానా వచ్చింది. అది బుడతకీచులకు కంటగింపు అయింది. పాదుషా తల్లి ఓడను పట్టుకుంటే పాదుషా లొంగి ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొడతాడని వాళ్ళ ఎత్తు.

జహంగీర్ లొంగలేదు. బుడతకీచులు ఒప్పందం తప్పి ఓడల్ని దోచారని, ముసల్మానుల్ని బందీలుగా పట్టుకున్నారని తన స్వీయచరిత్రలో తానే రాసుకున్నాడు. సూరతు వ్యాపారం ఆపించాడు. ముఖర్రబ్ ఖాన్‌ను పంపి డామన్‌ను ముట్టడి వేయించాడు. తన రాజ్యంలో ఉన్న బుడతకీచుల సొత్తు జప్తు చేయించాడు. దర్బారులో ఎంతో ఆదరణ పొందిన జెసూట్ పాదిరీల భత్యాలు ఆగిపోయాయి, వాళ్ళ చర్చీలకు తాళాలు పడ్డాయి. ఓడను పట్టిన పాపంలో ఆ పాదిరీలకు చెయ్యి లేదు. కాని రాజుల తగాదాలో దెబ్బ తగిలేది ఎప్పుడూ చేతికి అందినవాడికే.

భూమి మీద చేయగలిగిందంతా పాదుషా చేశాడు. సముద్రం మీద చేయడానికే ఏమీ లేదు. లక్షల సైన్యం, ఏనుగులు, గుర్రాలు ఉన్నాయి గాని గోవా దాకా పోయి తల్లి ఓడను విడిపించుకొచ్చే యుద్ధనౌకలు లేవు.

ఇంగ్లీషువాడి లెక్క

అందుకని ముఖర్రబ్ ఖాన్ చూపు ఇంగ్లీషువాళ్ళ మీద పడింది. 1614లో నికొలస్ డౌంటన్ నాలుగు ఓడలతో సూరతు వచ్చాడు. డామన్ మీదికి మాతో రమ్మని ఖాన్ అడిగాడు. మా రాజుకూ వాళ్ళ రాజుకూ సంధి ఉంది, వాళ్ళు మా మీదికొస్తేనే కొడతాం అని డౌంటన్ తప్పుకున్నాడు. 1615 జనవరిలో గోవా వైస్రాయి అజెవెదో తానే పెద్ద నౌకాదళంతో వచ్చి సువాలీ దగ్గర పడ్డాడు. డౌంటన్ ఆ దెబ్బ కాచుకున్నాడు. కాపాడుకున్నది తన ఓడల్నే, కాని పేరు మాత్రం సూరతును కాపాడినవాడని వచ్చింది.

ఆ ఏడే మొగలులకూ బుడతకీచులకూ రాజీ కుదిరింది. ఓడకు పరిహారం ఇవ్వాలి, ఇంగ్లీషువాళ్ళనూ డచ్చివాళ్ళనూ దూరంగా ఉంచాలి అని షరతులు రాసుకున్నారు. రెండో షరతు కాగితం మీదే మిగిలింది. 1615 సెప్టెంబరులో ఇంగ్లండు రాజు దూత సర్ థామస్ రో సూరతులో దిగాడు. తర్వాత దర్బారులో ఏళ్ళ తరబడి ఉండి తన కంపెనీ పనులు చక్కబెట్టుకున్నాడు.

మన తెలుగు తీరం సంగతి కూడా ఇలాగే ఉండేది. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు నుంచి కూడా ఎర్రసముద్రానికి ఓడలు పోయేవి. వాటికీ కార్తాజ్ పీడ తప్పలేదు. బందరులో 1606లో డచ్చివాళ్ళకు, 1611లో ఇంగ్లీషువాళ్ళకు చోటు దొరికింది. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు ఈనాటికీ ఆ ఊళ్ళో వినిపిస్తాయి.

మా జవాబు

పిల్లవాడి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. జహంగీర్ అమాయకుడై ఇంగ్లీషువాళ్ళకు చోటివ్వలేదు. ఒక దొంగను అదుపులో పెట్టడానికి ఇంకొక ఆయుధం ఉన్నవాడు కావాలనుకున్నాడు. అప్పటికి అది తెలివైన పనే. కాని సొంత ఓడలు కట్టుకుని, ఫిరంగులు ఎక్కించి, నావికులకు శిక్షణ ఇవ్వడం అనే కష్టమైన పని పక్కకు పోయింది. దాని ఫలితం తర్వాతివాళ్ళు అనుభవించారు. 1695లో ఔరంగజేబు ఓడ గంజ్-ఎ-సవాయీని హాజీలతో తిరిగి వస్తూండగా దోచుకున్నవాడు ఒక ఇంగ్లీషు దొంగే. అప్పుడు కూడా పాదుషా చేయగలిగింది సూరతులోని కంపెనీవాళ్ళను నిర్బంధించడమే. 1759లో సూరతు కోట ఇంగ్లీషువాళ్ళదైంది. జహంగీర్ ముట్టడించిన డామన్ అయితే 1961 దాకా బుడతకీచుల చేతిలోనే ఉండిపోయింది.

ఇంకొక్క మాట. ఈ కథలో రాణి పేరుంది, ఖాన్ పేరుంది, కెప్టెన్ల పేర్లున్నాయి. ఓడలో ఉన్న ఆ 700 మందిలో ఒక్కరి పేరు కూడా మనం చదివే పుస్తకాల్లో కనబడదు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు సూరతు రేవులో ఎన్నాళ్ళు ఎదురు చూశారో ఎవరు రాశారు?

మన దేశం నుంచి ఓడల మీద హజ్‌కు వెళ్ళడం 1995తో ఆగిపోయింది. మన తాతలు, నానమ్మలు బొంబాయి నుంచి జిద్దాకు ఓడలో వెళ్ళినప్పటి టిక్కెట్లు, పాసులు, ఉత్తరాలు కొన్ని ఇళ్ళలో ట్రంకుపెట్టెల అడుగున ఇంకా ఉన్నాయి. పాత కాగితాలని పారేయకండి. వాటి మీద ఉన్న పేర్లు పిల్లల చేత చదివించండి. రహీమీలో ఉన్నవాళ్ళ పేర్లు మనకు దక్కలేదు, కనీసం ఇవైనా దక్కనివ్వండి.