గాజుతొట్టిలోని సముద్రమునకు ఊపిరి

సముద్రపు నీటిని పాత్రలో పట్టి ఇంటికి తెచ్చుకొనుట కష్టము కాదు. అందు ప్రాణులను బ్రతికించుటయే కష్టము. కడలిలో అలలు రేయింబవళ్లు గాలిని నీటిలో కలుపుచుండును. నీటిలో కరగిన మాలిన్యమును కొంత నురుగురూపమున ఒడ్డునకు నెట్టుచుండును. పాత్రలోని నీటికి ఈ రెండు ఉపకారములును లేవు. కనుకనే అది త్వరలో కుళ్లిపోవును. అలలు చేయు ఈ పనిని మనుష్యుడు మొదట చేతులతోను, పిమ్మట పంపులతోను ఎట్లు చేయనేర్చెనో నేడు ముచ్చటించుకొందము.

1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ సముద్రతీరమున దొరకిన పగడపు జీవులను లండను నగరమునకు కొనిపోయెను. సముద్రము దూరము, తెచ్చిన నీరు కొద్ది. ఆ నీటినే మరల మరల వాడుకొనవలెను. అందుచే ఆమె తెఱచిన కిటికీ ముందు ఆ నీటిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి అరగంటయో ముప్పావుగంటయో ఎత్తిపోయించుచుండెను. ఈ శ్రమ ఆమె చేసినది కాదు. ఆమె యింటి చిన్న పరిచారికది. ఆ పిల్లకు అది వినోదముగనే తోచెనని యజమానురాలు తరువాత వ్రాసినది. పిల్ల అభిప్రాయమును విన్నవారు లేరు. ఏమైనను, సముద్రజీవుల తొట్టికి గాలినందించిన తొలి పంపులలో ఆ బాలిక చేతులను లెక్కింపక తప్పదు.

1849లో రాబర్ట్ వారింగ్‌టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు మంచినీటి తొట్టిలో చేపలను, నత్తలను, నీటిమొక్కలను కలిపి యుంచి, మొక్కలు విడిచెడి ప్రాణవాయువు చేపలకు చాలునని చూపెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపలమందిరము తెఱవబడినది. మరుసటి యేట ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన గ్రంథముతో ఇంటింట తొట్లు పెట్టు వేడుక ప్రబలెను. కాని మొక్కలను మాత్రమే నమ్ముకొన్న సముద్రపు తొట్లు తఱచు చెడిపోయెడివి. 1871లో లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ నందు తెఱచిన మత్స్యశాలకు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ వేరొక పద్ధతి నేర్పఱచెను. తొట్లకంటె ఎన్నోరెట్లు పెద్దదైన చీకటి జలాశయమును క్రింద నిర్మించి, ఆవిరియంత్రముల పంపులతో నీటిని ఎడతెగక త్రిప్పించెను. ఇట్లు కదలుచున్న నీటికి గాలి సోకును, కల్మషము విరిగిపోవును.

అయినను ఒక లోటు మిగిలెను. మాలిన్యము కుళ్లుటకు ముందే దానిని వెలికి తీయుటెట్లు? చెఱకురసమును కాచునపుడు పైకి వచ్చు తెట్టెను తీసివేయుట మనమెఱిగినదే. ఇక్కడ ఆ పని నిప్పు కాక గాలిబుడగలు చేయును. చేపల విసర్జనమునుండియు, మిగిలిన మేతనుండియు నీట కరగు మాంసకృత్తుల అణువులకు ఒక కొస నీటిని కోరును, వేఱొక కొస గాలిని చేరజూచును. కనుక అవి బుడగ పైపొరను అంటుకొని పైకెక్కి, నురుగై, మీది గిన్నెలో పడును. ఈ సాధనమునకే ప్రొటీన్ స్కిమ్మర్ అని పేరు. 1960 దశకమున జర్మనీలో ఇది తొట్లు పెంచువారి వాడుకలోనికి వచ్చినది. మొదట సన్నని రంధ్రములుగల కొయ్యముక్కల గుండ గాలిని ఊదెడివారు. ఆ కొయ్య త్వరలో పూడుకొనిపోయెడిది.

తరువాతి మార్పునకు మూలము ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి 1797లో ప్రకటించిన పరిశోధన. గొట్టము సన్నగిల్లినచోట నీరు వడిగా పాఱును. అచట ఒత్తిడి తగ్గును. అచటనే ప్రక్కన రంధ్రముంచిన, బయటి గాలి తనంత తాను లోనికి వచ్చును. పిమ్మట పంపులోని చక్రమునకు రెక్కలకు మాఱు సూదులవంటి పుల్లలు అమర్చి, వచ్చిన గాలిని పొడిపొడిగా చీల్చనేర్చిరి. ఒకే పరిమాణముగల గాలి సగము వ్యాసముగల బుడగలైనచో, మాలిన్యము అంటుకొను వైశాల్యము రెట్టింపగును. ఉప్పునీటిలో చిన్నబుడగలు ఒకదానిలో నొకటి కలిసిపోక నిలుచుటచే, ఈ సాధనము సముద్రపు తొట్లకే బాగుగ తగినది.

పెద్దపంపు పెట్టినంతనే పని పెరుగదు. నీటివడి మితిమీరిన, మాలిన్యము బుడగల నంటుటకు వ్యవధి చాలదు. కుదుపునకు నురుగు చెదరును. సాధనమును మఱీ లోతున నిలిపిన, నీటి ఒత్తిడి హెచ్చి పంపు పీల్చు గాలి తగ్గును. గాలిగొట్టము కొసను ఉప్పు పేరుకొనిన, పంపు యథాప్రకారము తిరుగుచునే యుండును గాని బుడగలు మాత్రము పలుచబడును. పదిమంది మసలు మూసిన గదిలోని గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. దానినే పీల్చిన నీటికి పులుపుదనము హెచ్చును. గాలిగొట్టమును కిటికీ వెలుపలికి సాగదీసిన ఆ చిక్కు తీరును.

తెఱచిన కిటికీ ప్రయోజనమును ఆనా థిన్ నూట డెబ్బదియేండ్లకు మునుపే గ్రహించెను. ఇంట సముద్రపు తొట్టిగల శ్రోతలకు మా మనవి యొక్కటే: పంపుచప్పుడు విని తృప్తిపడక, వారమున కొకసారి గాలిగొట్టపు కొసను గోరువెచ్చని మంచినీటితో కడుగుడు. తొట్టిలోని మూగప్రాణులు ఊపిరి చాలదని మనతో చెప్పలేవు.