ఆస్థాన కవి దాటవేసిన నెత్తురు

1894లో డచ్చి సేనలు లాంబోక్ దీవి మీద పడి చక్రనగర రాజభవనాన్ని కొల్లగొట్టాయి. సైన్యం వెంట వెళ్లిన భాషా పండితుడు బ్రాండెస్, బూడిద కాబోతున్న గ్రంథాలయంలోంచి తాటాకు కట్టలు బయటికి తీయించాడు. వాటిలో ఒకటి ‘నాగరకృతాగమ’. జావాలోని మజాపహిత్ రాజ్యం గురించి ఇవాళ లోకానికి తెలిసిన దాంట్లో చాలా భాగం ఆ ఆకుల పుణ్యమే.

కవి తన కావ్యానికి పెట్టుకున్న పేరు ‘దేశవర్ణన’. తన అసలు పేరు మాత్రం చెప్పలేదు. ‘ప్రపంచ’ అనేది కలం పేరు. తండ్రి ఆస్థానంలో బౌద్ధ ధర్మాధ్యక్షుడు, తర్వాత ఆ పదవి కొడుక్కీ దక్కింది. మజాపహిత్ రాజు హయాం వురుక్ ఏలుబడిలో, 1365లో కావ్యం పూర్తయింది. పాత జావా భాషలో 98 సర్గలు, సంస్కృత వృత్తాల పద్ధతిలో గురులఘువులు లెక్కపెట్టి రాసినవి. శార్దూలాలు ఎరిగిన మనకు ఆ లెక్క కొత్తదేం కాదు.

రాజును దేవుణ్ని చేసి పొగిడే పద్యాలకు ఇందులో కొదవలేదు. అవి ఏ ఆస్థానంలోనైనా దొరుకుతాయి. ప్రపంచను చదవాల్సింది 1359 నాటి రాజయాత్ర కోసం. రాజు పరివారంతో తూర్పున లుమాజాంగ్ దాకా వెళ్లాడు. ఎవరి బండి ఏదో తెలియడానికి ఒక్కో పరివారానికి ఒక్కో గుర్తు. రాజుగారి బళ్ల మీద మారేడు కాయ బొమ్మ. దారిలో తగిలిన ఊళ్ల పేర్లు వరసగా చెబుతాడు కవి. వీలు దొరికినప్పుడల్లా పరివారాన్ని వదిలి విహారాలు, పాత ఆలయాలు చూసొస్తాడు. సింఘసారిలో రత్నాంశుడనే వృద్ధ బౌద్ధాచార్యుణ్ని వెతుక్కుంటూ వెళ్లి రాజవంశ చరిత్ర అడిగి తెలుసుకున్నాడు. ఆయన వయసు వెయ్యి నెలలు ఎప్పుడో దాటిందంటాడు. మన ఇళ్లల్లో అయితే సహస్ర చంద్ర దర్శనం జరిపే వయసు. తెలిసిన పెద్దను అడిగి రాసుకునే ఈ అలవాటు వల్లే ప్రపంచ నాకు కవికన్నా విలేఖరిగా ఎక్కువ నచ్చుతాడు.

హయాం వురుక్‌ను పొగిడినవాళ్లలో కాంచీపురం భిక్షువు బుద్ధాదిత్యుణ్నీ, ముతలి సహృదయుడనే బ్రాహ్మణుణ్నీ కూడా పేర్కొన్నాడు. దక్షిణ భారతం నుంచి శ్లోకాలు సముద్రం దాటి ఆ కొలువుకు చేరాయన్నమాట.

ఇంత చెప్పినవాడు బుబాట్ దగ్గర నోరు మెదపలేదు. ‘పరరతోన్’ అనే తర్వాతి గ్రంథం ప్రకారం 1357లో పశ్చిమ జావాలోని సుండా రాజు తన కూతుర్ని హయాం వురుక్‌కిచ్చి పెళ్లి చేయడానికి వచ్చి రాజధాని పక్కనున్న బుబాట్‌లో దిగాడు. పిల్లను పెళ్లికూతురిగా కాదు, కప్పంగా అప్పగించమన్నాడు మహామంత్రి గజ మద. సుండా రాజు ఒప్పుకోలేదు. పెళ్లివారు అక్కడే హతమయ్యారు. ప్రపంచ కావ్యంలో బుబాట్ మైదానం ఉంది: విశాలమైన బయలు, చుట్టూ భవనాలు, రాజు చూస్తుండగా ఆటల పోటీలు. ఎనిమిదేళ్ల కిందటి నెత్తురు మాత్రం లేదు. ఆ మౌనాన్ని పట్టుకుని అసలా యుద్ధమే జరగలేదనేవారూ ఉన్నారు. కానీ పల్లెల పేర్లన్నీ పూసగుచ్చిన మనిషికి రాజధాని పొలిమేరలో జరిగింది తెలియదంటే నమ్మబుద్ధి కాదు. కొలువు ఉద్యోగికి ఏది రాయకూడదో తెలుసు.

చివరి సర్గల్లో ఆయన కొలువు వదిలి కమలాసన అనే ఊళ్లో తాపసిలా బతుకుతూ కనిపిస్తాడు. తాను రాసిన మరికొన్ని కావ్యాల పేర్లు చెప్పుకున్నాడు. అవేవీ మనకు దక్కలేదు.

దక్కిన ఒక్కటీ రాజకీయాల్లోకి నడిచింది. మజాపహిత్‌కు లోబడినవంటూ ప్రపంచ రాసిన దీవుల జాబితాను 1945లో జాతీయోద్యమ నాయకుడు మొహమ్మద్ యామిన్ కొత్త ఇండోనేసియా సరిహద్దులకు ఆధారంగా చూపాడు. అందులో ఎన్ని నిజంగా ఏలుబడిలో ఉండేవన్నది చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. తాటాకు ప్రతి 1970ల తొలి ఏళ్లలో నెదర్లాండ్స్ నుంచి ఇండోనేసియాకు తిరిగొచ్చింది; 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేరింది.

సుండా ప్రాంతంలో మాత్రం బుబాట్‌ను తలుచుకుని, జావా జాతివాళ్లతో పెళ్లి సంబంధం చేసుకోకూడదన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. సుండా నగరం బాండుంగ్‌లో ఒక వీధికి హయాం వురుక్ పేరు పెట్టడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది.