ఓడ ఎక్కనన్న సిపాయిలు

సబ్బవరం, అనకాపల్లి, పెందుర్తి కలిసి ఉన్న పాత విశాఖపట్నం జిల్లాలో చట్టం చేసి యువకులను సైన్యంలోకి లాక్కున్న కాలం లేదు. నిర్బంధం మాత్రం వేరే దారుల్లో వచ్చింది.

సంస్థానాల రోజుల్లో ఆ దారి భూమి. సేవకు బదులుగా రాజు ఇచ్చిన మొఖాసా భూమిని అనుభవించే కుటుంబం రాజు పిలిచినప్పుడు ఆయుధంతో రావాలి, లేకుంటే పొలం మీద హక్కు నిలవదు. 1794 జూలై 10న పద్మనాభంలో విజయనగరం రాజు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి మరణించినప్పుడు ఆయన బంధువులు, అనుచరులు పలువురు వెంటే నేలకొరిగారు.

కంపెనీ కొలువు అలాంటిది కాదు, జీతానికి ఇష్టపడి చేరేది. అయితే ఒకసారి చేరాక రానని చెప్పే వీలుందా? ఈ ప్రశ్నను విశాఖ సిపాయిలే ముందుకు తెచ్చారు. 1780లో మైసూరు పాలకుడు హైదరలీ కర్ణాటకంపై దండెత్తాడు. సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కంపెనీ దండు చిత్తుగా ఓడింది. మద్రాసును కాపాడుకోవడానికి, విశాఖ కూడా ఉన్న ఉత్తర సర్కారుల నుంచి సిపాయిలను సముద్రం మీదుగా రప్పించాలనుకున్నారు. ఇల్లూ వాకిలీ వదిలి, పడవెక్కి, ఎరుగని నేలలో ప్రాణాలొడ్డడం వారికి సమ్మతం కాలేదు. అక్టోబరు 3న విశాఖ రేవులో ఓడ ఎక్కమన్న ఆజ్ఞను గ్రెనేడియర్ దళాల సిపాయిలు ధిక్కరించి తుపాకులు పేల్చారు. కొందరు ఆంగ్లేయులు చనిపోయారు. తిరుగుబాటును అణిచివేశారు. 1857 సిపాయిల తిరుగుబాటుకు 77 ఏళ్ల ముందు జరిగిన ఈ ఘటన పాఠ్యపుస్తకాల్లో దక్కాల్సినంత చోటు దక్కించుకోలేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ 1916లో తన పౌరులపై నిర్బంధ సైనిక సేవ విధించింది. భారతదేశంలో 1917 నాటి చట్టం ఇక్కడి ఐరోపా జాతి బ్రిటిష్ ప్రజలను బలవంతపెట్టింది, భారతీయులకు ఐచ్ఛికంగానే ఉంచింది. రెండో ప్రపంచయుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు స్వచ్ఛందంగా చేరారని లెక్క. కరువు, అప్పు, జీతం ఆశ తరిమిన చేరికను స్వచ్ఛందం అనడానికి మనసు తేలిగ్గా ఒప్పుకోదు. మరోవైపు పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం వంటి ఊళ్లలో సైనిక కొలువు తరతరాల గౌరవమైంది. అదే యుద్ధకాలంలో, 1940లో, సాంకేతిక నిపుణులను నిర్బంధంగా యుద్ధ పరిశ్రమలకు పంపే ఆర్డినెన్సు వచ్చింది. ఫ్యాక్టరీ పనికే పరిమితమైనా భారతీయులపై నేరుగా పడిన బలవంతం అది.

స్వతంత్ర భారతంలో చైనా యుద్ధం తర్వాత, 1963లో, కళాశాల విద్యార్థులకు ఎన్‌సీసీ తప్పనిసరి చేశారు. 1968లో తిరిగి ఐచ్ఛికమైంది. వెట్టిని నిషేధించే రాజ్యాంగంలోని 23వ అధికరణమే, మతం, జాతి, కులం, వర్గం పేరిట వివక్ష లేకుండా ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇస్తోంది. సైన్యంలో చేర్చుకోవడానికి దాన్ని ఇప్పటివరకు వాడలేదు.