అత్తరు తలంబ్రాలు, ఇప్పపూల అడవి

పెళ్లి తలంబ్రాలంటే తెలుగునాట పసుపు రంగే. భద్రాచలం తలంబ్రాలు మాత్రం ఎర్రగా ఉంటాయి. పొట్లం విప్పగానే రంగు కన్నా ముందు వాసన పలకరిస్తుంది. అడుగున పసుపు, దాని మీద నెయ్యి కమ్మదనం, అన్నిటికీ పైన అత్తరు. ఫాల్గుణ పౌర్ణమి నాడు ఆలయ ప్రాంగణంలో రోలుకు, రోకలికి పూజ చేసి పసుపు కొమ్ములు దంచుతారు. బియ్యంలో ఆ పసుపు, గులాలు, నెయ్యి, పన్నీరు, అత్తరు వేసి ముత్తయిదువలు చేతులతో కలుపుతారు. స్వామికి వసంతోత్సవం, డోలోత్సవం కూడా ఆ రోజే. అప్పటి నుంచి శ్రీరామనవమి దాకా బియ్యం ఆ పరిమళాన్ని పీల్చుకుంటూనే ఉంటుంది. 2022 నుంచి ఆర్టీసీ కార్గో వాళ్లు ఈ తలంబ్రాలను ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మిథిలా స్టేడియంలో కల్యాణం చూడలేకపోయిన వాళ్లకు కూడా ఆ వాసన అందుతోంది.

రాముడి పెళ్లిలోకి అత్తరు ఎలా వచ్చింది? సంప్రదాయం గోల్కొండ వైపు చూపిస్తుంది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు, రామదాసయ్యాడు. అప్పటి సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687). తర్వాత ఆయన మనసు మార్చుకుని స్వామి కల్యాణానికి ముత్యాలు పంపాడని, గులాలు, అత్తరు కలిపే ఆచారం కూడా ఆ కాలం నుంచే వచ్చిందని భద్రాద్రి చెప్పుకుంటుంది. దక్కనీ దర్బారులో గౌరవనీయుడైన అతిథికి సెలవిచ్చేటప్పుడు అత్తరు పూసి, తాంబూలం చేతికివ్వడం మర్యాద. తానీషా సీతారాములను అలాంటి అతిథులుగానే చూశాడని నాకనిపిస్తుంది. ఆ కథ ప్రకారం పాలకుడు తన ఇంట్లో అతి మంచిదనుకున్న వాసనను మరో మతం దేవుడికి ఇచ్చాడు. పూజారులు దాన్ని కాదనలేదు. ఇష్టాలు ఇచ్చిపుచ్చుకున్న ఇలాంటి ఘట్టాలు మన చరిత్రలో ఉన్నందుకు గర్వపడాలి.

అయితే గోల్కొండ వచ్చాకే తెలుగువాళ్లకు పరిమళాల మోజు పుట్టిందనుకోనక్కర్లేదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సముద్ర వర్తకుల సరుకులు, వాటిపై సుంకాలు ఉన్నాయి. మంచిగంధం ఉంది. కర్పూరం రెండు రకాలు, ఒకటి చీనా కర్పూరం. పన్నీరు, జవ్వాది, కర్పూర తైలం కూడా ఉన్నాయి. ఈ మూడూ రాగి, సీసంతో కలిసి ఒకే సుంకం పద్దులో కనిపిస్తాయి. అంటే పన్నీరు రేవులో దిగే మామూలు సరుకుల్లో ఒకటి, ఎప్పుడో ఒకసారి వచ్చే వింత కాదు.

మరో నూటయాభై ఏళ్లకు కొండవీటి కుమారగిరి రెడ్డి (1386–1402) ఏటా జరిపిన వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లి ‘కర్పూర వసంతరాయలు’ అనిపించుకున్నాడు. ఆ ఉత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది ఆయనకే. తూర్పు దీవుల నుంచి కర్పూరం, చీనా నుంచి పట్టు తెప్పించే అంగడి ఆయనది. కొండవీటి వసంతోత్సవపు గంధానికి, భద్రాద్రి వసంతోత్సవం నాడు కలిపే తలంబ్రాలకు నేరుగా చుట్టరికం ఉందని నేననను. కానీ వసంతమనగానే ఒకరి మీద ఒకరు సుగంధం చల్లుకోవాలన్న సరదా మాత్రం తానీషా కన్నా చాలా ముందు నుంచే మన నేలలో ఉంది.

నిజాం కాలంలో ఆ సరదాను ఊళ్లకు మోసుకొచ్చినవాడు అత్తరు సాయిబు. చెక్కపెట్టెలో అరలు, అరల్లో బుడ్లు. దూది పుల్ల ముంచి ముందు మణికట్టు మీద రాస్తాడు. వెంటనే వాసన చూడనివ్వడు. కాసేపు ఆగమంటాడు, ఒంటి వేడికి అత్తరు విచ్చుకోవాలి. ఆ అత్తరు తీసే కనౌజ్ పద్ధతిలో డేగు అనే రాగి పాత్రలో పూలు, నీళ్లు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద సన్నని మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా చల్లని నీళ్లలో ఉంచిన మరో పాత్రలోకి చేరుతుంది. ఆ పాత్రలో చందన తైలం ఉంటుంది, పూల వాసనను అదే పట్టుకుంటుంది. అసలైన అత్తరులో సారా కలవదు. అందుకే అది గాలిలోకి ఎగిరిపోకుండా ఒంటినే అంటిపెట్టుకుని ఉంటుంది.

ఎవరి ఇష్టం వారిదే అయినా ఋతువును కాదనే ఇష్టం తక్కువ. చలికాలానికి హీనా, శమామా అత్తర్లు. ఎండాకాలానికి ఖస్, అంటే మన వట్టివేరే. ఖమ్మం, కొత్తగూడెం ఎండలు ఎరిగినవాళ్లకు ఆ వాసన విలువ వేరే చెప్పక్కర్లేదు. తలుపుకు వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లితే గదిలోకి చల్లదనం, మట్టివాసన కలిసే వస్తాయి. ఆడవాళ్ల అత్తరు పెట్టె చాలావరకు జడలోనే ఉండేది. కనకాంబరానికి అందమే తప్ప వాసన లేదు కనుక మాల కట్టేటప్పుడు మధ్యమధ్య మరువం గుచ్చేవారు. మల్లెలు మరీ ఘాటనిపిస్తే దవనం కలిపేవారు. పరిమళాలను పొందికగా కూర్చే విద్య కాక మరేమిటిది?

ఇక్కడి దాకా చెప్పుకున్నవన్నీ రేవు దాటో, కోట దాటో వచ్చిన వాసనలు, లేదంటే ఊరి పెరట్లో పూసినవి. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే అడవికి తనదైన పరిమళం ఉంది. శ్రీరామనవమి రోజులే ఇప్పపూల రోజులు. తెల్లవారకముందే మీగడ రంగు పూలు రాలుతాయి. కోయ ఆడవాళ్లు చెట్టు కింద ముందే ఊడ్చి, చీకటితోనే బుట్టలతో వెళ్లి ఏరుతారు. పువ్వు కండపట్టి, రసంతో ఉబ్బి ఉంటుంది. రెండు వేళ్ల మధ్య నొక్కితే జిగురుగా తీపి అంటుకుంటుంది. అప్పుడే వార్చిన కొత్తబియ్యం అన్నం లాంటి కమ్మదనం, దాని వెనక కాస్త పులుపెక్కిన తేనె వాసన. పట్నం నుంచి వచ్చినవాళ్లు చాలామంది ‘సారా కంపు’ అని ముక్కు మూసుకుంటారు. అది నాకు బాధ కలిగిస్తుంది. వాళ్ల ముక్కుకు అందింది పువ్వు కాదు, పువ్వు మీద ఊరు వేసిన ముద్ర.

ఆ అన్నం వాసన భ్రమ కూడా కాదు. బాస్మతి బియ్యానికి గుబాళింపునిచ్చే 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే పదార్థమే ఇప్పపువ్వులోనూ ఉందని రసాయన పరీక్షల్లో తేలింది. ఇంకో వింత ఉంది. పులి తన హద్దు తెలియడానికి చెట్ల మీద చిమ్మే ద్రవంలోనూ అదే పదార్థం ఉన్నట్టు కోల్‌కతా శాస్త్రవేత్త ఆర్.ఎల్. బ్రహ్మచారి బృందం 1990లో ‘నేచర్’ పత్రికలో రాసింది. అన్నం కుండ, ఇప్పచెట్టు, పులి తిరిగిన దారి ఒకే వాసనను పంచుకుంటున్నాయి. అడవి మనిషి ముక్కుకు ఈ పోలిక పరిశోధనల కన్నా ముందే తెలిసి ఉంటుందని నా నమ్మకం.

ఇప్పపువ్వుకు సీసా దొరకలేదు గానీ అడవి సరుకు మన పూజగదుల్లోకి ఏనాడో వచ్చింది. అందుగు చెట్టు బంకను నిప్పుల మీద వేస్తే సాంబ్రాణి పొగే. నరమామిడి చెక్క (బెరడు) పొడి అగరుబత్తికి జిగురు. బొగ్గుపొడిని, సుగంధాన్ని వెదురుపుల్లకు పట్టి ఉంచేది అదే, దానికంటూ చెప్పుకోదగ్గ వాసన లేదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ బంకలు, కుంకుడు, సీకాయ, ఉసిరి లాంటివి అడవి బిడ్డల నుంచి కొంటూ వచ్చింది. అగరుబత్తి పెట్టె మీద మల్లెపువ్వు బొమ్మ ఉంటుంది, గంధపు చెక్క బొమ్మ ఉంటుంది. నరమామిడి పేరు ఎక్కడా ఉండదు. చెట్టు చుట్టూ చెక్క ఒలిచేస్తే ఆ చెట్టు ఎండిపోతుంది. అగరుబత్తికి గిరాకీ పెరిగిన కొద్దీ జరిగింది అదే, చాలా అడవుల్లో ఈ చెట్టు పలచబడింది. ఒకవైపే పట్టీగా చెక్క తీసి, గాయం మానేదాకా ఆ చెట్టు జోలికి పోకుండా ఉండాలి. పోడు గట్ల మీద కొత్త మొక్కలు నాటాలి. పరిమళంతో వ్యాపారం చేసేవాళ్లు ఆ మొక్కల ఖర్చు భరించాలి, చెక్క తెచ్చిన కోయ కుటుంబానికి మంచి ధర కట్టివ్వాలి.