అవోలే బాణాలు

పశ్చిమ ఆఫ్రికాలోని ఓయో రాజ్యం ఒక్కరోజులో కూలలేదు. గుర్రపు దండుతో చుట్టుపక్కల దేశాల చేత కప్పం కట్టించుకున్న ఆ యొరూబా రాజ్యం లోపలే చీలిపోయింది. 18వ శతాబ్దం చివర సొంత సేనానులే ఎదురుతిరిగి, చచ్చిపొమ్మని కబురంపితే, రాజు అవోలే మూడు దిక్కులకు మూడు బాణాలు వదిలాడట. ఆ దిక్కులన్నిటికీ మీరు బానిసలై పోతారని శపించి, విషం తాగాడట. శాపం మాటెలా ఉన్నా, ఇలోరిన్ పట్టణపు తిరుగుబాటు, తమలో తాము చేసుకున్న యుద్ధాలు 1830లలో రాజధానిని పాడుపెట్టాయి. చెరపట్టిన జనాన్ని ఓడలెక్కించారు.

క్యూబాలో వాళ్లను లుకుమీలన్నారు. కొత్త బందీలు దిగినన్నాళ్లూ చెరకు తోటల్లో యొరూబా భాష వినబడింది. ఓడలు ఆగాయి, 1886లో బానిసత్వమూ పోయింది. పిల్లలు స్పానిష్‌లో పెరిగారు. ఒకనాటి ఓయో రాజేనని చెప్పే దేవుడు షాంగోకు హవానాలో నేటికీ బాతా డోళ్లు మోగుతాయి, పాటలు సాగుతాయి. కానీ యొరూబాలో మాటకు అర్థం స్వరంలో ఉంటుంది. హెచ్చు, మధ్యమం, తగ్గు అనే మూడు స్థాయిలూ స్పానిష్ నాలుక మీద చదునైపోయాయి. పాట కంఠతా వచ్చినవాళ్లలో చాలామందికి ఆ భాషలో మంచినీళ్లు అడగడం రాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ట్రినిడాడ్ కథ. అక్కడికి చేరిన యొరూబాలలో చాలామంది బానిసలు కూడా కారు. బానిస ఓడల నుంచి విడిపించి కూలికి తెచ్చినవాళ్లు. సంకెళ్లు లేని ఇళ్లలోనే భాష మూగబోయింది. పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నారు, పిల్లలకు మాత్రం ఊళ్లో చెల్లే భాషే నేర్పారు. బడి, ఉద్యోగం, పరువు అన్నీ అటే ఉంటే వాళ్లను తప్పుపట్టడమెలా? 1960ల చివర పరిశోధకురాలు మౌరీన్ వార్నర్-లూయిస్ టేప్ రికార్డరు పట్టుకుని తిరిగేసరికి దొరికింది ముసలివాళ్ల నోట మిగిలిన పాటలు, ముక్కలైన మాటలు.

ఇవాళ లండన్‌లో, హ్యూస్టన్‌లో స్థిరపడిన యొరూబాలను ఎవరూ చెరపట్టి తేలేదు. విమానమెక్కి వచ్చారు. ఊరికి రోజూ ఫోన్ చేస్తారు, లాగోస్ సినిమాలు చూస్తారు. అయినా ఎన్నో ఇళ్లలో పిల్లలతో ఇంగ్లీషే. ట్రినిడాడ్ పెద్దలకున్న సాకు వీళ్లకు లేదు.